చేప పడని చేతులు

నా పెళ్లానికి చేప పడదని తేల్చేసినవాళ్లలో డాక్టరన్నవాడు ఒక్కడూ లేడు. మా అమ్మ తేల్చింది. మా తమ్ముడు హరిబాబు తేల్చాడు. వాడి పెళ్లాం ఉష తల ఊపింది. బజారులో పక్క బండల ఆడవాళ్లు అవునవునన్నారు. చేపలమ్ముకుని బతికే మనిషికి చేప పడదంటే ఇంక మిగిలేదేముంది?

మాది సముద్రం ఒడ్డు పేట. నేను అయిదో తరగతిలో బడి మానేసి తెప్ప ఎక్కాను. తర్వాత మా వాళ్లందరిలాగే గుజరాత్ బోట్ల మీదికి పోయాను. అక్కడ వల లాగే యంత్రంలో పడి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. బోటు ఓనరు దగ్గరుండి రైలెక్కించి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వాడికి రెండు చేతులూ ఉన్నాయి మరి. అప్పట్నుంచి నేను నా పెళ్లాం ధనలక్ష్మి బండ మీద బతుకుతున్నాను. ఆమె అమ్ముతుంది. నేను ఐసు కొట్టి పోస్తాను, ట్రేలు మోస్తాను, ఈగలు తోలతాను. మొగుడి ఉద్యోగం అది.

బండంటే శ్రీకాకుళం చేపల బజారులో మా ఇంటి ఆడవాళ్లు కూర్చునే రాయి. మా అమ్మ అసిరమ్మ నడుము పడిపోయేదాకా దాని మీదే కూర్చుంది. తర్వాత పెద్ద కోడలని ధనలక్ష్మిని కూర్చోమంది. కూర్చోమంది గానీ అప్పగించలేదు. అప్పగింత వేరు, దానికో తంతు ఉంది. ఇవాళ చేద్దాం, రేపు చేద్దామంటూ అమ్మ సాగదీసింది. ముసలమ్మకు తన రాయి మీద అంత మమకారం.

దద్దుర్లు మొదలైంది కిందటి వానాకాలంలో. మోచేతుల దగ్గర పుట్టి మెడ దాకా పాకేవి. కందిరీగలు కుట్టినట్టు ఎర్రగా లేచి, ఉప్పునీళ్లు తగిలితే మండేవి. అయిదారు రోజులుండి తగ్గిపోయేవి. మళ్లీ నెలకు వచ్చేవి.

మొదటిసారి మా అమ్మ చూసి, "అమ్మోరు పోసింది" అంది. గుమ్మానికి వేపమండలు కట్టించింది. ఇంట్లో పోపు మాన్పించింది. మళ్లీ నెలకు మళ్లీ వేపమండలు కట్టబోతే ధనలక్ష్మే నవ్వింది.

"నెలనెలా రాడానికి అమ్మోరు జీతానికి పన్సేస్తన్నాదేటత్తా?"

"నోరు ముయ్యే. తల్లి ఇంటాది."

తల్లి విన్నదో లేదో గానీ బజారు విన్నది. మాకు వాడుకగా వచ్చే అపార్టుమెంటు ఆవిడ ఒకామె ఉంది. కానాగడతలు తూయించుకుని, సంచీ చాపబోయి ధనలక్ష్మి చేతులు చూసి ఆగిపోయింది.

"ఏంటమ్మా అవి?"

"ఏటీ కాదమ్మగోరు, వేడి."

"వేడేంటి, అలా ఉంటేనా? ఉండనీ, ఇవాళ వద్దులే. ఇంట్లో చిన్నపిల్ల ఉంది."

తూచిన చేపల్ని ధనలక్ష్మి మళ్లీ ఐసులో వేసింది. ఆవిడ నాలుగు బండలవతల అవే చేపలు కొనుక్కుంది. ఆ చేపలు కోసిన మనిషి చేతులు శుభ్రంగా ఉన్నాయి గానీ చేపలు నిన్నటివి. అది నాకు తెలుసు. చెబితే మాత్రం ఎవడు వింటాడు?

మా అమ్మ చేపేనని ఎలా తేల్చిందో చెప్పాలి. మా పేటలో ముట్టు రోజుల్లో ఆడవాళ్లు వల తాకరు, చేప తాకరు, బండెక్కరు. పక్క గదిలో ఉంటారు. ధనలక్ష్మి ఆ గదిలో చేరేసరికి దద్దుర్లు అణిగిపోయేవి. ఒకసారి కాదు, ప్రతిసారీ. "సూసినారా, చేపకి దూరమయితే తగ్గిపోతన్నాది. దీని చేతికి చేప పడదు. గంగమ్మ తల్లికి ఇది ఇష్టం నేదు" అంది మా అమ్మ. వినడానికి ఎంత సరిగా ఉందో చూడండి! నేనూ నమ్మాను.

ధనలక్ష్మి నమ్మలేదు. ఒకరోజు కుళాయి దగ్గర నేను ట్రేలు కడుగుతుంటే పక్కన కూర్చుని అంది.

"మావా, ఇది చేప కాదు."

"మరేటి?"

"చేపయితే నెలంతా రావాల కదా. నెలంతా చేపే కోస్తన్నాను. ఇవి బయట చేరే ముందే వస్తన్నాయి. చేరగానే పోతన్నాయి. చేప మానీబట్టి కాదు, అది వచ్చీబట్టి పోతన్నాయి."

నేను చుట్టూ చూశాను. హరిబాబు గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటున్నాడు.

"మెల్లగా మాటాడు" అన్నాను.

"ఆస్పత్రికెల్దాం" అంది.

వెళ్లాం. చర్మం డాక్టరమ్మ గదిలో జనం టేబులు దాకా తోసుకొచ్చి ఉన్నారు. ఒకరికి చూస్తుంటే ఇంకో ముగ్గురు మెడమీద ఊపిరి వదులుతున్నారు. ఆ ముగ్గురిలో మా పేట మురళీమోహన్ ఒకడు. తామర చూపించుకోడానికి వచ్చాడు. వాడి చెవిలో పడితే మాట సాయంత్రానికి టీ కొట్టు ఎక్కుతుంది.

డాక్టరమ్మ ధనలక్ష్మి చేతులు తిప్పి తిప్పి చూసింది. చిన్న వయసే, ఓపికగానే అడిగింది.

"ఎన్నాళ్లకోసారి వస్తున్నాయి? నెలసరికి ముందు గానీ ఎక్కువవుతున్నాయా?"

"అవునండి, అదేనండి నాను..." అని ధనలక్ష్మి మొదలుపెట్టింది.

"అలాటిదేటీ నేదండి" అన్నాను నేను. "చేపల పనండి మాది. చేపేనండి."

డాక్టరమ్మ నా వంక చూసింది. "దద్దుర్లు మీకా, ఆవిడకా?"

వెనకాల ముగ్గురూ నవ్వారు. మురళీమోహన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గుజరాత్ బోట్ల మీద మూడు భాషల బూతులు నేర్చినవాణ్ణి. ఆడదాని ఒంట్లో ఏ భాగాన్నీ వదలకుండా తిట్టగలను, పదిమందిలో తిట్టాను కూడా. నెలనెలా ప్రతి ఇంట్లో జరిగే ఆ సంగతి మాత్రం పదిమందిలో నా పెళ్లాం నోట వస్తుందంటే నా ప్రాణం చచ్చిపోయింది.

"మా ఇంటి సంగతి మాకు తెల్దేటండి? చేపే" అన్నాను.

ధనలక్ష్మి తల దించుకుంది. నలుగురిలో మొగుడి మాట కాదనడం ఆమెకు చేతకాదు. అప్పటికి చేతకాదు. డాక్టరమ్మ ఆమె ముఖంకేసి కాసేపు చూసి, "సరే, ఒక నెల చేప వాసన కూడా లేని చోట ఉండి చూడండి. అప్పుడూ వస్తే చేప కాదని తేలిపోతుంది. తేలాక నా దగ్గరికి రండి. మీరొక్కరే రండి" అంది.

బయటికొచ్చాక వరండాలో ధనలక్ష్మి ఆగింది.

"అడిగింది నన్ను మావా."

అంతే అంది. తిట్టినా బాగుండును.

చేప వాసన లేని చోటు మాకెక్కడ దొరుకుతుంది? ఉంది ఒకటి. ఆమె తమ్ముడు శివాజీ శ్రీకూర్మంలో గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం పెట్టుకున్నాడు. గుడి సందులోనే అద్దెకుంటున్నాడు. ఇంటివాళ్లు నీసు వండనివ్వరు. గుడ్డు ఉడకబెట్టినా వాటా ఖాళీ చెయ్యమంటారు. ఆమెను అక్కడ దింపి వచ్చాను. బండ ఖాళీగా ఉంటే పక్కవాళ్లు జరిగి కూర్చుంటారని అమ్మ ఉషను కూర్చోబెట్టింది. "నెల రోజులకే" అంది.

నెల నిండబోతుంటే వెళ్లాను. నన్ను చూడగానే ధనలక్ష్మి వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. జాకెట్టు చేతులు పైకి లాగి, రెండు చేతులూ నా ముఖం ముందు పెట్టింది.

"మావా, సూడు! వచ్చేసినాయి!"

మోచేతుల నుంచి మెడ దాకా ఎర్రగా లేచి ఉన్నాయి. పిల్ల పదో తరగతి పాసైనట్టు సంతోషిస్తోంది. ఒక చేత్తో గోక్కుంటూ, ఒక చేత్తో నన్ను లోపలికి లాగుతోంది. లోపల శివాజీ పెళ్లాం దేవి ముక్కున వేలేసుకుంది.

"పొద్దున్నుంచి ఇదే వరస అన్నియ్యా. దురదొస్తే ఏడుస్తారు గానీ పండగ సేసుకుంటారేటి?"

"నీకు తెల్దులేవే. నీసు వాసన నేదు, గుడ్డు నేదు. వీధిలో పులిహోర వాసన తప్పితే ఏటీ నేదు. మరివెక్కడ్నుంచి వచ్చినాయి? సెప్పు మావా, ఎక్కడ్నుంచి?"

"నిజమేనే" అన్నాను.

"రేపో ఎల్లుండో బయట చేరతాను. చేరగానే పోతాయి. ఉండి సూసి మరీ ఎల్లు."

ఉన్నాను. ఆమె చెప్పినట్టే జరిగింది. బయట చేరింది, దద్దుర్లు అణిగాయి. నేను బయల్దేరుతుంటే గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"అత్తకి నువ్వే సెప్పాల. నాను ఫోనులో సెప్తే బండ కోసం అబద్ధమాడతన్నానంటాది. ఉషకి మాత్రం బండ మీద ఆశుండదేటి? నువ్వు కళ్లతో సూసినావు. కన్నకొడుకు సెప్తే నమ్ముతాది."

"సెప్తాను."

"ఉత్తినే తలూపకు. ఆ మాట ఉన్నదున్నట్టు సెప్పాల. చేప కాదంటే సాలదు. 'మరేటి?' అంటాది. అప్పుడు సెప్పాల."

"సెప్తానన్నాను కదే."

బస్సులో కూర్చుని మాటలు పేర్చుకున్నాను. అమ్మతో ఎలా మొదలుపెట్టాలి? నన్ను కన్నది ఆమే. ఆమెకు తెలియని సంగతా? అయినా కొడుకు నోట ఆ మాట తల్లి ముందు ఎలా వస్తుంది? ఒక్కత్తే ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. ఇంటికెళ్లేసరికి అరుగు మీద హరిబాబు, వాడి స్నేహితులు పేకాట వేసుకున్నారు. అమ్మ పక్కనే నెత్తళ్లు ఏరుతోంది.

"ఎలగున్నాదిరా?" అంది అమ్మ.

"బాగున్నాది."

"దద్దుర్లో?"

పేకాటవాళ్లు ముక్కలు పట్టుకుని నా ముఖం చూస్తున్నారు.

"తగ్గినాయి" అన్నాను.

అబద్ధం కాదు. తగ్గాయి. నేను బయల్దేరేటప్పటికి తగ్గే ఉన్నాయి.

"సూసినారా!" అని అమ్మ నెత్తళ్ల చేట పక్కన పెట్టేసింది. "చేప నేకపోతే తగ్గినాయి. నాను మొదట్నుంచీ మొత్తుకుంటన్నాను."

"వొదినకి ఇంటి పనే మంచిదన్నియ్యా" అన్నాడు హరిబాబు, ముక్క పారేస్తూ. "ఒళ్లు ముఖ్యం కదా."

మరునాడు చెబుదామనుకున్నాను. మరునాడు అమ్మకు నడుంనొప్పి. ఆ మరునాడు ఉష అమ్మ కాళ్లు పడుతూ కూర్చుంది. ధనలక్ష్మి ఫోను చేసింది.

"సెప్పినావా?"

"సెప్పినాను."

"ఏటన్నాది?"

"సూద్దామన్నాది."

"హమ్మయ్య" అంది. ఆ హమ్మయ్య వినగానే ఫోను పెట్టేశాను.

అమ్మ శుక్రవారం ఉషకు బండ అప్పగింత పెట్టింది. ఆ సంగతి కూడా నేను ధనలక్ష్మికి చెప్పలేదు.

అప్పగింత మా ఆడవాళ్ల తంతు. మగవాళ్లం గంపలు, ట్రేలు పట్టుకుని వెనక నిలబడతాం. తెల్లారి క్యాను నిండా సముద్రం నీళ్లు తెచ్చి బండ కడుగుతారు. పసుపు రాసి బొట్లు పెడతారు. పెద్దావిడ కొత్త మనిషిని భుజాలు పట్టి కూర్చోబెట్టి, ఆమె చేతి మీద తన చెయ్యి వేసి కత్తిపీట మీద మొదటి చేప కోయిస్తుంది. ఆ కోత పడ్డాక, కూర్చున్న మనిషి తనంతట తాను లేస్తే తప్ప ఆ బండ మారదు. అప్పగించిన ఆవిడ కూడా మార్చలేదు. అందుకే కోతకు ముందు మూడుసార్లు అడుగుతారు. అడ్డు చెప్పేవాళ్లు అప్పుడే చెప్పాలి.

నేను ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. నీళ్లు కారి మెడ మీదుగా వీపులోకి దిగుతున్నాయి. ఉష పట్టు అంచు చీర కట్టుకొచ్చింది. దానికి మాత్రం సంతోషంగా ఉన్నట్టు లేదు. మాటిమాటికీ బజారు గేటు వైపు చూస్తోంది.

"ఈ బండకి అడ్డు సెప్పేవోళ్లున్నారేటి?" అంది అమ్మ.

ఇప్పుడే చెప్పాలి, చెప్పేస్తాను అనుకున్నాను.

"అడ్డు సెప్పేవోళ్లున్నారేటి?"

పక్క బండ మీదావిడ దగ్గింది. అందరూ ఆమె వంక చూసి, ఉత్త దగ్గేనని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు.

అమ్మ మూడోసారి అడిగేటప్పుడు నాకేసే చూసింది. ఆమె కావాలని చూసిందో, నాకే అలా అనిపించిందో చెప్పలేను. నోరు తెరిచాను. లోపల ఆ మాట ఉంది. దాని చుట్టూ పేటలో మగవాళ్లందరి నవ్వూ ఉంది. నోరు మూసుకున్నాను.

అమ్మ కోనాం చేప అందుకుంది. ఉష చేతి మీద చెయ్యి వేసింది. కత్తిపీట మీద తల తెగిపడింది.

ఆడవాళ్లు ఒకరికొకరు బొట్లు పెట్టుకుంటుండగా ధనలక్ష్మి వచ్చింది. శ్రీకూర్మం నుంచి మొదటి బస్సుకే బయల్దేరినట్టుంది. చేతిలో సంచీ, తలలో పూలు. అత్త సూద్దామన్నదనే ధైర్యంతో, బట్టల సంచీ ఇంట్లో పెట్టకుండా సరాసరి బజారుకే వచ్చింది. పసుపు బండ చూసింది, దాని మీద ఉషను చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది.

"సెప్పినానన్నావు కదా మావా."

"ఏటి సెప్పినాడు?" అంది అమ్మ.

ధనలక్ష్మి సంచీ కింద పెట్టింది. "అక్కడ నీసు నేదు, నీసు వాసన నేదు. అయినా దద్దుర్లు వచ్చినాయత్తా. నాను ముట్టయ్యే ముందు వస్తన్నాయి, అవగానే పోతన్నాయి. ప్రతి నెలా అంతే. నా చేతులకి చేప పడకపోవడం కాదు."

ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. హరిబాబు అటు తిరిగి సెల్లు తీశాడు.

"మగోళ్లున్నారే" అంది అమ్మ, పళ్ల బిగువున. "మెల్లగా మాటాడు."

"మెల్లగా మాటాడబట్టే బండ పోయిందత్తా."

అమ్మ నా వైపు తిరిగింది. "ఒరే జగ్గా, ఇది సెప్పేది నిజమేనేటిరా?"

"నిజమేనమ్మా."

"నువ్వు సూసినావా?"

"సూసినాను. ముట్టు... ముట్టుకి ముందు వచ్చినాయి. అయినాక తగ్గినాయి."

చెప్పేశాను. భూమి బద్దలవలేదు. ఎవడో చేప బేరమాడుతూనే ఉన్నాడు.

"మరి మూడుసార్లు అడిగినాను కదరా. నోట్లో ఏటెట్టుకున్నావు?"

నెత్తి మీద ఐసు పెట్టె దించుకోవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

"సిగ్గేసిందమ్మా."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. ధనలక్ష్మీ నవ్వలేదు. ఆ నవ్వులో ఎగతాళి ఉన్నా తట్టుకునేవాణ్ణి. నలభై ఆరేళ్ల మగవాణ్ణి చూసి పసివాణ్ణి చూసినట్టు జాలిగా నవ్వారు.

ఉష బండ మీద నుంచి సగం లేచి ధనలక్ష్మి వైపు తిరిగింది. "అప్పా, నువ్వు కూకో. నాకొద్దు."

"పసుపారకముందే లేస్తావేటే!" అని అమ్మ దాన్ని భుజం పట్టి నొక్కింది. "కోత పడిపోనాది. కోత పడ్డ రోజే లేస్తే ఇంటికి మంచిది కాదు. నాను పెట్టిన చెయ్యి నానే తియ్యలేను." అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ధనలక్ష్మి వైపు చూడలేకపోయింది. నాలాగే ఆమె కూడా!

"కూకో ఉషా" అంది ధనలక్ష్మి. "నీ తప్పేటుంది?"

ఒక ట్రే కవళ్ల చేపలు అడిగి తీసుకుంది. బజారు చివర, మురుగు కాలవ పక్కన, ఎండ నేరుగా పడే చోట గోనెపట్టా పరిచి కింద కూర్చుంది. నేను ఐసు తీసుకుని వెళ్లాను. ఎక్కడ పొయ్యాలో చెప్పింది.

ఇప్పుడూ అక్కడే కూర్చుంటోంది. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కత్తే వెళ్లింది. ఒంట్లో నెలనెలా పెరిగే హార్మోను ఒకటి కొందరికి పడదట, చాలా తక్కువమందికి అలా అవుతుందట, మందులున్నాయట. ఆడవాళ్ల డాక్టరుకు కూడా చూపించుకోమన్నారట. ఇవన్నీ ఆమె దేవికి ఫోనులో చెబుతుంటే విన్నాను. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. మాత్రలకు దద్దుర్లు కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు.

వచ్చినప్పుడు వాటిని కప్పుకోదు. మొన్న ఒకావిడ సంచీ చాపబోయి, ఆమె చేతులు చూసి ఆగింది.

"ఏంటవి?"

"ముట్టుకి ముందు వస్తాయమ్మా నాకు. అంటుకోవు. కానాగడతలు ఇయ్యమంటారా, కవళ్లా?"

ఆవిడ తత్తరపడి నా వైపు చూసింది. పక్కన మగవాడు కూర్చుని ఉన్నాడు కదా అని. నేను ఐసు కొడుతున్నాను. రెండు వేళ్ల చేత్తో సుత్తి సరిగా పట్టు దొరకదు, ముక్కలు చిందుతాయి. తల ఎత్తలేదు.

"కానాగడతలే ఇయ్యి" అంది ఆవిడ.

ఇలా రోజుకు ఎంతమందికో చెబుతుంది, చేప ధర చెప్పినంత మామూలుగా. విని విని నాకూ అలవాటైపోతుందనుకున్నాను. ఇంకా కాలేదు. ఆమె నోరు తెరవగానే ఐసు మీద సుత్తి గట్టిగా పడుతుంది. "మెల్లగా కొట్టు మావా, వాళ్లకి ఇనపడాల" అంటుంది ధనలక్ష్మి, నా వైపు చూడకుండా.